రెండేండ్ల కొలువు

విశ్వము ఎట్లు పుట్టినది, ఆకాశమునుండి అనవరతము మనపై కురియు కణములు ఎట్టివి అను ప్రశ్నలకు సమాధానము వెదకినవారిని తలచుకొన్నప్పుడు, తలనెరసిన ఆచార్యుల రూపములు మన కన్నులకు కట్టును. పుస్తకములలోని చిత్రపటములలో వారిని అట్లే చూచియున్నాము. కాని ఆ గొప్ప పనులు చేసిన నాటికి వారిలో పెక్కుమందికి తలయు నెరయలేదు, ఆచార్య పదవియు లేదు. డాక్టరు పట్టము చేతికి వచ్చినది. స్థిరమైన ఉద్యోగము మాత్రము రాలేదు. ఏడాదికో రెండేండ్లకో ఒక సంస్థ ఇచ్చు వేతనముతో కాలము గడుపుచు, గడువు తీరగనే పెట్టె సర్దుకొని మరియొక ఊరికి పోవలసిన స్థితిలో వారుండిరి. ఈ కొలువునకు ఇంగ్లీషున పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్పు అని పేరు. మేము దీనిని రెండేండ్ల కొలువు అనియే పిలుతుము. పలికినంతనే దాని గుణము తెలియును.

ఈ కొలువు అంత పురాతనమైనది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున జర్మను భాష మాట్లాడు దేశముల విశ్వవిద్యాలయములలో, పట్టమును బోధనార్హతను సంపాదించిన యువకుడు ప్రివాట్‌డోట్సెంటు అను పేరుతో పాఠములు చెప్పవచ్చును గాని, అతనికి జీతము లేదు. విద్యార్థులు చెల్లించు రుసుమే రాబడి. ఐన్‌స్టీను 1908లో బెర్ను నగరమున ఈ హోదాను పొందియు పేటెంటు కార్యాలయపు ఉద్యోగమును వెంటనే విడువలేదు. ఇంటి పోషణకు వేరు ఆధారము కలవారికే ఆ దారి అనుకూలించెడిది. ఇంగ్లండులో 1851 నాటి మహాప్రదర్శనమున మిగిలిన ధనమునుండి 1891లో పరిశోధక వేతనములు ఏర్పడెను. న్యూజీలండునుండి రూథర్‌ఫర్డు 1895లో కేంబ్రిడ్జికి వచ్చినది ఆ వేతనముతోనే. అదియు, మొదట ఎంపికైన రసాయన శాస్త్రజ్ఞుడు స్వదేశముననే ఉండిపోవుటచే అతనికి దక్కినది. పరమాణు గర్భమును కనుగొన్నవాని ప్రస్థానము ఇంత సన్నని దారముపై వ్రేలాడినది.

నేడు మనమెరిగిన రూపమున ఈ కొలువు అమెరికాలో 1919లో స్థిరపడెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగియుచుండగా రాక్‌ఫెల్లరు నిధి పెద్దలు భౌతిక రసాయన శాస్త్రములకు ఒక పెద్ద పరిశోధనాలయమును కట్టింపవలెనని తలచిరి. అప్పుడు రాబర్టు మిల్లికన్ మొదలైనవారు, మేడలకు బదులు మనుష్యులకు ధనమిండు, పట్టము పొందిన యువకులను విశ్వవిద్యాలయములకే పంపి రెండు మూడేండ్లు బోధనభారము లేకుండ పరిశోధన చేయనిండు అని వాదించి నెగ్గిరి. జాతీయ పరిశోధన మండలి ఫెలోషిప్పులు అట్లు పుట్టెను. 1923లో ఏర్పడిన అంతర్జాతీయ విద్యామండలి ద్వారా అదే ధనము సముద్రములను దాటెను. క్వాంటం సిద్ధాంతము గోటింగెన్ నుండి కోపెన్‌హాగెన్‌కును, అటనుండి అమెరికాకును అంత శీఘ్రముగ వ్యాపించుటకు ఈ సంచార యువకులే వాహకులైరి.

విశ్వశాస్త్రమున తొలి ఫలము బెల్జియమునుండి వచ్చెను. జార్జి లెమైత్ర్ క్రైస్తవ పురోహితుడు. 1923-24లో కేంబ్రిడ్జిలో ఎడింగ్టను వద్దను, మరుసటి ఏడు హార్వర్డు వేధశాలలో షాప్లీ వద్దను ఉండెను. అతని ప్రయాణమునకు తోడ్పడిన ధనములో కొంత, యుద్ధకాలమున బెల్జియము ప్రజలకు అన్నము పెట్టిన సహాయ సంఘమున మిగిలినది. క్షామనివారణకు పోగుచేసిన సొమ్ము విశ్వవికాస సిద్ధాంతమునకు ఉపయోగపడుట చరిత్రలోని చిత్రములలో ఒకటి. గెలాక్సీలు మననుండి దూరమగుట విశ్వమే విస్తరించుటవలన అని అతడు 1927లో ప్రకటించెను. ఫ్రెంచి భాషలో, ఎక్కువమంది చదువని పత్రికలో వెలువడుటచే 1930లో ఎడింగ్టను ఎత్తిచూపువరకు లోకము దానిని పట్టించుకొనలేదు.

ఇక కణముల కథ. భూమికి పైనుండి ఒక విధమైన వికిరణము వచ్చుచున్నదని 1912లో విక్టర్ హెస్ బెలూనులో ఎక్కి కనిపెట్టెను. దానికి విశ్వకిరణములని నామకరణము చేసినవాడు పైన చెప్పిన మిల్లికనే. 1930లో ఆయన యేలుబడిలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో కార్ల్ ఆండర్సన్ అను ఇరువదినాలుగేండ్ల యువకుడు పట్టము పొందెను. అచ్చటనే ఉండి తన మనసులోని ప్రయోగమొకటి చేయవలెనని అతని కోరిక. మిల్లికన్ ఒప్పుకొనలేదు. ఒక్కచోటనే పెరిగినవాని చూపు ఇరుకగును, ఫెలోషిప్పు తెచ్చుకొని వేరొకచోటికి పొమ్మనెను. ఆండర్సన్ చికాగోలోని ఆర్థర్ కాంప్టనుకు వ్రాసి, సమ్మతి పొంది, పయనమునకు సిద్ధపడెను. అంతలో మిల్లికన్ మరల పిలిచి, విశ్వకిరణములను పరీక్షించుటకు ఒక యంత్రము కట్టవలసియున్నది, ఇంకొక ఏడాది ఇచ్చటనే ఉండుమనెను. వెళ్లుటయే మేలని ఆయన తొలుత చెప్పిన కారణములన్నిటిని ఆండర్సన్ ఆయనకే తిరిగి వినిపించెను. ఆ కారణములు సరియైనవే గాని, మరొక ఏడాది గడచినచో నీకు ఫెలోషిప్పు దొరకు అవకాశము మెరుగగునని మిల్లికన్ బదులిచ్చెను. ఫెలోషిప్పులను నిర్ణయించు సంఘములో ఆయన సభ్యుడు! ఈ మాటలో హితవెంత, బెదిరింపెంత అన్నది పాఠకులే తూచుకొనవచ్చును. ఆండర్సన్ ఉండిపోయెను.

అతడు కట్టినది బలమైన విద్యుదయస్కాంతము నడుమ నిలిపిన మేఘపేటిక. అందులోని తడిగాలిలో కణము పోయిన దారి సన్నని మంచుగీతవలె కనబడును. అయస్కాంతబలము ఆ గీతను వంచును. వంపు ఎటువైపో చూచినచో కణము ధనమో ఋణమో తెలియును. అయితే పైనుండి దిగు ధనకణమును, క్రిందినుండి ఎగబ్రాకు ఎలక్ట్రానును వేరుపరచుటెట్లు? పేటిక నడుమ ఒక సీసపు రేకును అమర్చెను. రేకును దాటిన కణము వేగము తగ్గి మరింత వంగవలెను గదా. 1932 ఆగస్టు 2న తీసిన ఛాయాచిత్రమున ఎలక్ట్రానువంటి తేలికకణమే, ధనవిద్యుత్తుతో, క్రిందినుండి పైకి సీసమును చీల్చుకొని పోయిన గీత స్పష్టముగ పడెను. అదియే పాజిట్రాను, మనుష్యుడు చూచిన తొలి ప్రతికణము. 1,300 ఛాయాచిత్రములు తీయగా అట్టి గీతలు 15 దొరికెను. నాలుగేండ్లకు హెస్‌తో కలిసి నోబెల్ బహుమానము వచ్చినప్పుడు స్టాక్‌హోము ప్రయాణమునకు ఆండర్సన్ మిల్లికన్ వద్దనే 500 డాలర్లు అప్పు పుచ్చుకొనెను.

ఈ కొలువులకు 1930వ దశకమున ఇంకొక ప్రయోజనము వచ్చిపడెను. ఇటలీలో జాతి శాసనములచే 1938లో పాడువా ఆచార్య పదవిని కోల్పోయిన బ్రూనో రోసీ, కోపెన్‌హాగెన్, మాంచెస్టరు, చికాగో అని ఊరు వెంట ఊరు తిరిగెను. చికాగోకు చేరిన వెంటనే ఆ వేసవిలోనే కొండలపైకి యంత్రములు మోయించి, మీసాను అని అప్పుడు పిలిచిన విశ్వకిరణ కణము మార్గమధ్యముననే క్షయించునని చూపెను. స్థిరమైన పదవినుండి త్రోయబడినవానికి తాత్కాలికపు కొలువే ప్రాణరక్షణమైనది.

మన దేశపు సంగతి వేరు. ఇచ్చట ఇట్టి కొలువులే లేవు. హోమీ భాభా కేంబ్రిడ్జిలో అట్టి వేతనములతోనే పనిచేయుచు 1939లో సెలవుకు ఇంటికి వచ్చి, యుద్ధము వచ్చుటచే తిరిగి పోలేకపోయెను. బెంగుళూరు విజ్ఞాన సంస్థలో దొరాబ్జీ టాటా ధర్మనిధి సాయమున విశ్వకిరణ విభాగమును నడపెను. 1944 మార్చి 12న ఆ నిధి పెద్దలకు ఆయన వ్రాసిన ఉత్తరముయొక్క ఫలమే 1945 జూన్ 1న వెలసిన టాటా పరిశోధన సంస్థ. పరమాణుశక్తికి నిపుణులు కావలసివచ్చిననాడు మనము పరదేశములవైపు చూడనక్కరలేకుండవలెనన్నదే ఆ ఉత్తరపు సారము.

అదే కాలమున కలకత్తాలో బిభా చౌధురి అను యువతి, దేవేంద్రమోహన బోసుతో కలిసి డార్జిలింగు, సందక్‌ఫూ కొండలపై ఫోటోపలకలను నెలల తరబడి ఉంచి, వాటిపై విశ్వకిరణ కణములు విడిచిన జాడలను కొలుచుచుండెను. ఎలక్ట్రానుకు సుమారు 200 రెట్లు బరువైన కణముల జాడలను వారు 1940, 1942 సంవత్సరముల నడుమ నేచర్ పత్రికలో ప్రకటించిరి. మేలురకపు పలకలు కావలసియుండెను. యుద్ధమువలన అవి దొరకలేదు. 1947లో మేలైన పలకలతో ఇంగ్లండున సెసిల్ పవెల్ పయాన్ కణమును నిర్ధారించెను; 1950లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. బిభా చౌధురి 1945లో మాంచెస్టరునకు పోయి, బ్లాకెట్టు వద్ద పట్టమునకు పనిచేసి, 1949లో టాటా సంస్థలో చేరిన తొలి మహిళా శాస్త్రజ్ఞురాలైనది. అనగా, ఆమె తన ముఖ్యమైన పని చేసినది పట్టమునకు ముందే! బుద్ధి లోపింపలేదు, పలకలు లోపించెను. మేలైన పలకలున్న దేశములో రెండేండ్లు పనిచేయుటకు 1941లో ఆమెకు దారి ఉండినచో కథ మరొకలాగున ముగిసెడిదేమో.

టాటా సంస్థ యువకులకు దొరికిన పెద్ద ప్రయోగశాల కోలారు బంగారు గని. తెలుగువారికి ఆ గని పరాయిది కాదు. చిత్తూరు సీమనుండి తరతరములుగ కూలీలు ఆ సొరంగములకు దిగిరి. భూమిలోనికి దిగినకొలది విశ్వకిరణముల సందడి అణగిపోవును. అట్టడుగున వారముల తరబడి కొలమానము కదలకుండుట చూచి, ఇచ్చట ఏ కణమైనను కనిపించినచో అది న్యూట్రినోవలన పుట్టినదే కావలెనని పరిశోధకులు గ్రహించిరి. న్యూట్రినోకు భూగోళమంతయు అడ్డు కాదు. టాటా సంస్థవారు, జపానునుండి ఒసాకా నగర విశ్వవిద్యాలయమువారు, ఇంగ్లండునుండి డర్హామువారు కలిసి 7,600 అడుగుల లోతున, వేడెక్కిన రాతి నడుమ మెరుపుగొట్టములను కాంతిపలకలను అమర్చిరి. 1965 ఆగస్టులో వారి ఫలితము అచ్చయ్యెను. దక్షిణ ఆఫ్రికా గనిలో రైన్స్ బృందము ఫిబ్రవరిలోనే తొలి గుర్తును చూచినను, ముందుగ అచ్చైనది కోలారు వ్యాసమే. ఆ గని 2001లో మూతపడినది.

ఇంతవరకు ఈ కొలువు వంతెనవంటిది. ఒక ఒడ్డున పట్టము, ఆవలి ఒడ్డున ఆచార్య పదవి. 1957లో రష్యా స్పుత్నిక్కును ఎగురవేసిన పిదప అమెరికాలో పట్టభద్రుల సంఖ్య మితిమీరి పెరిగెను. 1970 ప్రాంతమున ప్రభుత్వ ధనము తగ్గెను. ఆవలి ఒడ్డు దూరమయ్యెను, వంతెన సత్రమయ్యెను. ఆ సత్రములో తొమ్మిదేండ్లు బసచేసినవాడు ఆలన్ గూత్. 1971లో ప్రిన్స్‌టను, 1974లో కొలంబియా, 1977లో కార్నెల్, 1979లో స్టాన్‌ఫర్డులోని త్వరణ యంత్రశాల. ప్రతి చోటను గడువు. ప్రతి చోటనుండి మరల దరఖాస్తులు. నడుమ కొడుకు పుట్టెను. చేసినది కణసిద్ధాంతము, పేరు పెద్దగ రాలేదు.

కార్నెల్‌లో హెన్రీ టై అను మిత్రుడు, ఒక్క ధ్రువమే గల అయస్కాంత కణములు తొలి విశ్వములో ఎన్ని పుట్టియుండునో లెక్కింతమని వెంటబడెను. విశ్వోత్పత్తి తనకు తెలియని విషయమని గూత్ మొదట తప్పించుకొన జూచెను. లెక్క వేయగా అవి లెక్కలేనన్ని తేలెను. లోకమున ఒక్కటియు కనబడదాయెను. ఈ చిక్కు విప్పబోయి, 1979 డిసెంబరు 6 రాత్రి స్టాన్‌ఫర్డు సమీపమున తన ఇంట కూర్చుండి, తొలి క్షణపు అతిసూక్ష్మ భాగములో విశ్వము ఊహకందని వేగమున ఉబ్బియుండునని కనుగొనెను. ఆ ఉబ్బుతో అక్కరలేని కణములు పలుచబడును, విశ్వము ఇంత సమతలముగ ఏల ఉన్నదను పాత ప్రశ్నకు జవాబును దొరకును. మరునాడు నోటుపుస్తకములో ఆ మాటను వ్రాసి చుట్టును గీత గీసెను. 1980 జనవరిలో ఉపన్యాసమిచ్చిన పిమ్మట, అంతవరకు తలుపు తీయని విశ్వవిద్యాలయములు తామే పిలువసాగెను. తాను చదివిన మసాచుసెట్సు సంస్థలో మాత్రము ఖాళీ ప్రకటింపబడలేదు. చీనా భోజనశాలలో భోజనానంతరము ఇచ్చు అప్పములో దొరికిన చీటి, పిరికితనము విడిచినచో అవకాశమున్నదని చెప్పుటచే ధైర్యము తెచ్చుకొని అడిగితినని ఆయనయే చెప్పుకొనెను. పదవి వచ్చెను. ఆయన తొలి నమూనాలో ఉబ్బు ఆగు విధము సరిగ కుదరలేదు. 1982లో లిండే, ఆల్‌బ్రెఖ్ట్, స్టైన్‌హార్టులు సవరించిరి.

ఈ కథను వ్యవస్థకు ప్రశంసగ చెప్పుకొనువారు కలరు. మాకు అట్లు తోచదు. గూత్ తొమ్మిదవ ఏట గెలిచెను. ఎనిమిదవ ఏట విసిగి వెళ్లిపోయినచో మనకు ఆ పేరే తెలియకపోవును. అట్లు వెళ్లినవారి పట్టిక ఎవ్వరును వ్రాసిపెట్టరు. కాని ఇంకొక మాటయు నిజము. శాశ్వతోద్యోగి తన శాస్త్రము విడిచి పక్క శాస్త్రమున కాలు పెట్టుటకు సాధారణముగ జంకును. ఊరు మారువాడు మిత్రులను మార్చును, ప్రశ్నను మార్చును. కణశాస్త్రము ఖగోళశాస్త్రముతో కలిసినది అట్టివారి మూలముననే. 1983లో చికాగో చెంతనున్న ఫెర్మి ప్రయోగశాల, కోల్బ్, టర్నరుల నాయకత్వమున ఖగోళభౌతిక బృందమును నెలకొల్పి ఆ కలయికకు ఇల్లు కట్టెను. 1998లో విశ్వవిస్తరణము త్వరపడుచున్నదని ప్రకటించిన వ్యాసమునకు ముందుండిన ఆడం రీస్ అప్పుడు బర్క్‌లీలో మూడేండ్ల ఫెలో.

నేడు ఈ శాస్త్రమున కొలువు వెదకువారు ప్రతి శరత్కాలమున పదులకొలది సంస్థలకు దరఖాస్తులు, పెద్దల సిఫారసు లేఖలు పంపుదురు. తొందరపెట్టి లొంగదీసికొను వాడుకను అరికట్టుటకు, ఫిబ్రవరి 15కు ముందు ఎవరినుండియు జవాబు బలవంతముగ పుచ్చుకొనరాదని అమెరికా ఖగోళ సంఘము కట్టడి చేసెను. సగటు ఇంటిలో ఆ జనవరి నెల ఎట్లు గడచునో మేము వర్ణింపము. భార్యాభర్తలిద్దరును పరిశోధకులైనచో రెండు ఖండములలో రెండు కొలువులు వచ్చుట అరుదు కాదు.

ఇదే 1998లో అమెరికావారు తమ ఎక్స్‌రే దూరదర్శినికి మన చంద్రశేఖరుని పేర చంద్ర అని పేరిడి, ఆ పేరుతోనే యువకులకు ఫెలోషిప్పులు నెలకొల్పిరి. ట్రినిటీ కళాశాలలో 1933లో ఫెలోగ ఎంపికై, 1937లో అమెరికాకు కదలిన చంద్రశేఖరుడు ఆ కొలువుల రుచి ఎరిగినవాడే. పిదప ఆ ఫెలోషిప్పు ఐన్‌స్టీను పేరునకు మారినది. 2019లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య, భారతదేశము సూచింపగా, ఒక నక్షత్రమునకు బిభా అని పేరు పెట్టెను. ఆమె కన్నుమూసి అప్పటికి 28 ఏండ్లు.