ఎండను వడగట్టిన గాజు: పుదుచ్చేరి రంగు కిటికీల కథ

ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ పుదుచ్చేరిలో స్థిరపడింది 1674లో. రంగు గాజు కిటికీలకు ఫ్రాన్సు పెట్టింది పేరు. పారిస్ పక్కన సాన్ దెనీ మఠాధిపతి సుజే 1140లలోనే గోడ తగ్గించి గాజు పెంచే పనికి పూనుకున్నాడు. అయినా పుదుచ్చేరి వచ్చినవాళ్లకి అందరూ చూపించే రంగు గాజు మాత్రం రైల్వే స్టేషన్ దగ్గర సౌత్ బులివార్డ్ మీదున్న సేక్రెడ్ హార్ట్ బసిలికాదే. ఆ చర్చిని కట్టింది 1902–1907 మధ్య. వచ్చిన రెండు వందల ఏళ్లకు పైగా ఫ్రెంచివాళ్లు ఏం చేస్తున్నట్టు?

మొదటి కారణం యుద్ధం. 1761 జనవరిలో ఊరు లొంగిపోగానే ఇంగ్లీషువాళ్లు కోటనీ, చర్చీలనీ, పెద్ద భవనాలనీ పడగొట్టారు. ఫ్రెంచివాళ్ల దుబాషీ ఆనందరంగ పిళ్లై కన్నుమూసింది కూడా ఆ నెలలోనే, లొంగుబాటుకు కొద్ది రోజుల ముందు. కస్తూరి రంగకవి ‘ఆనందరంగ రాట్ఛందము’ అంకితమిచ్చింది ఆయనకే కనుక తెలుగువాళ్లకు ఆయన పరాయివాడు కాదు. ఆయన డైరీలో కనిపించే ఊరిలో కిటికీలు ఎలా ఉండేవో చూద్దామంటే గోడలే మిగల్లేదు.

రెండో కారణం ఫ్రాన్సులోనే ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు మతగురువులకు చీకటి చర్చీలంటే మొహం మొత్తింది. పారిస్ నోత్రదామ్‌లోనే ఆ శతాబ్దం మధ్యలో పాత రంగు గాజు చాలామట్టుకు ఊడదీసి తెల్ల గాజు బిగించారు. పుట్టింట్లోనే వద్దనుకున్నదాన్ని ఓడలెక్కించి ఎవరు తెస్తారు? 1791లో పూర్తయిన మిషన్ వీధి కెథెడ్రల్ గానీ, 1855లో పూర్తయిన ద్యుమా వీధి నోత్రదామ్ దెజాంజ్ గానీ గోడ తగ్గించి గాజు పెంచే గోతిక్ పద్ధతికి దూరమైనవే. రెండోదాని సొగసంతా సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి నునుపు తేల్చిన గారలో ఉంది.

మూడోది, నా లెక్కలో అసలుది, ఎండ. పారిస్ 49 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటే పుదుచ్చేరి 12 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ చలికాలమంతా వెలుగు కోసం మొహం వాచి ఉంటారు. ఇక్కడ వెలుగు వద్దన్నా మీద పడుతుంది. పైగా ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్న సూర్యుడు ఈ ఊరికి ఉత్తరం వైపున ఉంటాడు. ఉత్తరపు కిటికీలోకి నేరుగా ఎండ రాదన్న యూరప్ లెక్క ఇక్కడ ఏడాదికి నాలుగు నెలలు తప్పుతుంది. ఫ్రెంచి వీధుల ఇళ్లవాళ్లు ఈ సంగతి గ్రహించే అడ్డ పలకల చెక్క తలుపులు పెట్టుకున్నారు. వాళ్లకు గాలి కావాలి, ఎండ వద్దు.

రంగు గాజు కిటికీ అంటే గాజు మీద వేసిన బొమ్మ అనుకుంటారు చాలామంది. బొమ్మ తర్వాతి మాట. గాజు కరిగేటప్పుడే అందులో రంగు కలుస్తుంది, మన చేతి గాజులకు కలిసినట్టే. కోబాల్టుతో నీలం, మాంగనీసుతో ఊదా, బంగారంతో గులాబి వస్తాయి. రాగి మాత్రం కొలిమిలో గాలి ఎంత ఆడిందన్నదాన్ని బట్టి ఆకుపచ్చగానో ఎర్రగానో తేలుతుంది. ఆ రాగి ఎరుపు ఎంత చిక్కనిదంటే, దళసరి పలకగా పోస్తే నల్లగా కనిపిస్తుంది. అందుకే తెల్ల గాజు మీద పల్చని పొరగా ఎక్కిస్తారు. ఇలా తయారైన పలకల్ని నమూనా ప్రకారం ముక్కలుగా కోసి, ముఖాలూ బట్టల మడతలూ నల్ల రంగుతో గీసి, బట్టీలో కాల్చి, సీసపు పట్టీల్లో ఇమిడ్చి, అతుకుల దగ్గర టంకం వేస్తారు. పద్నాలుగో శతాబ్దం మొదట్లో వెండి సమ్మేళనాన్ని పూసి కాలిస్తే గాజులోకి పసుపు ఇంకుతుందని కనిపెట్టారు. ఆ పైన కొన్ని వందల ఏళ్లు పద్ధతి పెద్దగా మారలేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సుకు మళ్లీ గోతిక్ మోజు పుట్టింది. వియొలె ల్యు దుక్ వంటి వాస్తుశిల్పులు పాత చర్చీలు బాగుచేస్తూ పాత గాజును శాస్త్రంగా చదివారు. వెలుగు వెనక నుంచి పడితే నీలం తన హద్దు దాటి పక్క రంగుల మీదికి పాకుతుందనీ, ఎరుపు అంతగా పాకదనీ ఆయన వివరించాడు. మధ్యయుగపు పనివాళ్లు నీలం పక్కన దళసరి గీతలూ, ముత్యాల వరస వంటి అంచులూ ఎందుకు పెట్టారో దీంతో అర్థమైంది. ఆ మోజు మిషనరీల వెంట దేశదేశాలకూ పాకింది. పుదుచ్చేరిలో ఆర్చ్‌బిషప్ గాండి పూనికతో సేక్రెడ్ హార్ట్ లేచింది. 1907 డిసెంబర్‌లో తొలి పూజ జరిగింది, 2011లో బసిలికా హోదా వచ్చింది. లోపల 24 స్తంభాలు, గోడల్లో 28 మంది పునీతుల గాజు పలకలు ఉన్నాయి.

వాటి గురించి నా అభిప్రాయం దాచుకోను. బొమ్మలుగా అవి ముచ్చటైనవే. కానీ మబ్బు పట్టిన ఆకాశం కోసం పెరిగిన పద్ధతి అది. మిట్టమధ్యాహ్నపు ఎండ వెనక నిలబడితే లేత రంగులు వెలవెలపోతాయి, ముఖాల మీది సన్నని గీతలు కరిగిపోతాయి. ఏటవాలు వెలుగులో మాత్రం అదే పలక నేల మీద రంగులు పరుస్తుంది.

మెదక్ కెథెడ్రల్ చూసిన తెలుగువాళ్లకు ఈ తేడా తెలిసే ఉంటుంది. చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన ఆ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పనలో మూడు పెద్ద కిటికీలు విడివిడిగా వచ్చాయి. ఆరోహణం 1927లో, క్రీస్తు జననం 1947లో, శిలువ 1958లో బిగించారు. ఒక్కొక్కటి ఒక్కో దిక్కున ఉండడంతో ఎండ ఒకదాని తర్వాత ఒకదాన్ని వెలిగిస్తుంది. బొమ్మ ఎవరు గీశారన్నదెంత ముఖ్యమో, కిటికీని ఏ దిక్కున పెట్టారన్నదీ అంతే ముఖ్యమని మెదక్ చూస్తే తెలుస్తుంది.

పుదుచ్చేరిలో అసలు మలుపు చర్చి బయట వచ్చింది, అదీ గాజు లేకుండా. శ్రీ అరవిందాశ్రమానికి వసతి గృహం కట్టడానికి ఆంటొనిన్ రేమండ్ అనే చెక్ సంతతి అమెరికన్ వాస్తుశిల్పిని పిలిచారు. జార్జ్ నకషీమా, ఫ్రాంటిషెక్ సామెర్ ఇక్కడే ఉండి పని చూశారు. 1937లో మొదలై 1940లలో ముగిసింది. డబ్బు హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ఖజానా నుంచి వచ్చింది, లక్ష రూపాయలు. అందుకే ఆ భవనం పేరు గోల్కొండ్, మన గోల్కొండే. ఉత్తర దక్షిణ ముఖాల నిండా తెరిచి మూసుకునే ఆస్బెస్టాస్ సిమెంటు పలకలు అమర్చారు, గాజు కిటికీ పెట్టలేదు. ఫ్రెంచి వీధుల చెక్క తలుపు తెలివినే కాంక్రీటు కాలానికి తెచ్చారన్నమాట. గదిలోకి ఎండ రాదు, దాని వెలుగు మాత్రం పలకల మీద పడి మెత్తగా జారి లోపలికొస్తుంది. ఈ ఊళ్లో వెలుగును తీర్చిదిద్దడం గురించి మాట్లాడేవాళ్లు ముందు ఈ భవనం పేరే చెప్పాలి.

ఆశ్రమ మాత మీరా అల్ఫాసా చదువుకున్నది పారిస్‌లో చిత్రలేఖనం. ఆమె మొదటి భర్త ఆన్రీ మోరిసె, మతీస్ ఇద్దరూ చిత్రకారుడు గుస్తావ్ మోరో శిష్యులే. ఆ మతీసే ముసలితనంలో దక్షిణ ఫ్రాన్సులోని వాన్స్ ప్రార్థనాలయానికి పసుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడే రంగులతో కిటికీలు చేశాడు. 1951లో అది పూర్తయ్యేసరికి కిటికీలో సెయింటు కథ చెప్పాలన్న నియమం చెదిరింది. ఊరికి ఉత్తరాన ఆరోవిల్‌లో అల్ఫాసా తలపెట్టగా 1971లో శంకుస్థాపన జరిగి 2008లో పూర్తయిన మాతృమందిర్ ఇంకో అడుగు వేసింది. కింద పన్నెండు రేకుల గదులకు ఒక్కోదానికి ఒక్కో రంగు ఉంది. పైన తెల్లని గదిలో సూర్యుడి వెంట తిరిగే అద్దం ఒకే కిరణాన్ని 70 సెంటీమీటర్ల గాజు గోళం మీదికి దింపుతుంది. కథ లేదు, బొమ్మ లేదు, సీసపు గీత లేదు. సుజే ఆశించిందీ ఇదే అనుకుంటాను, ఆయనకు అంత ఎండ దొరకలేదు.

అటు యూరప్‌లో 2007లో కొలోన్ కెథెడ్రల్‌కు చిత్రకారుడు గెర్హార్డ్ రిచ్టర్ 72 రంగుల 11,500 చదరపు ముక్కలు పేర్చాడు, చాలామట్టుకు కంప్యూటర్ చీట్లు తీసినట్టు ఏరిన వరసలో. ఫ్రాన్సులోని కాంక్ చర్చిలో చిత్రకారుడు పియెర్ సులాజ్ రంగే మానేసి, వెలుగును మెత్తబరిచే పాలగాజుతో 104 కిటికీలు చేశాడు. పుదుచ్చేరికి ఎవరైనా ఇవాళ కొత్త కిటికీ గీస్తే పాఠం నేర్వాల్సింది సులాజ్ దగ్గరే. పడమటి గోడకైతే చిక్కని రంగులూ పాలగాజూ వాడాలి. సీసం ఎండకు సాగి వంగుతుంది, ఇనుప ఊచలు సముద్రపు గాలికి తుప్పు పడతాయి. బయట కాపుదలకు ఇంకో గాజు బిగిస్తే మధ్యలో గాలి ఆడే సందు వదలాలి, లేదంటే వేడి పట్టుకుని పలక ఉబ్బుతుంది. అన్నిటికన్నా ముందు, కాగితం మీద గీతకు దిగకుండా రంగు ముక్కల్ని ఆ ఖాళీలోనే కట్టి పొద్దుట, మధ్యాహ్నం, సాయంత్రం చూడాలి.

ఇంకో చిత్రం. 1664లో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ పెట్టించిన మంత్రి కోల్బేరే ఆ మరుసటేడు సాన్ గోబాన్‌గా ఎదిగిన అద్దాల కంపెనీనీ పెట్టించాడు. ఆ కంపెనీ 2000 నుంచి చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూర్‌లో గాజు పోస్తోంది.

వెళ్లేవాళ్లకు ఒక మాట: గోల్కొండ్ ఆశ్రమవాసులుండే ఇల్లు, అనుమతి లేనిదే లోపలికి పోనివ్వరు. మాతృమందిర్ లోపలి గదికి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. బసిలికాకు ఆ బెడద లేదు. ప్రార్థన జరగని వేళ చూసుకుని, మధ్యాహ్నం మాత్రం మానేసి, పొద్దున ఒకసారీ సాయంత్రం ఒకసారీ వెళ్లండి.