మోకు, ముత్తాదు, తొడపట్టీ
తాటిచెట్టుకు కొమ్మలుండవు. అరవై డెబ్బై అడుగుల నిట్టనిలువు మాను ఎక్కడానికి తెలంగాణ కల్లుగీత కార్మికులు తరతరాలుగా నమ్ముకున్నవి మూడే: మోకు, ముత్తాదు, గుజి. లావుగా పేనిన మోకు చెట్టునూ మనిషినీ కలిపి చుట్టుకుంటుంది. ముత్తాదు నడుమును పట్టి ఉంచుతుంది. కాళ్లకు వేసుకునే గుజి పాదాలు ఎడం కాకుండా మానును కరిచిపట్టేలా చేస్తుంది.

మనిషి వెనక్కి వాలితే మోకు బిగుస్తుంది, ముందుకు ఒరిగితే వదులవుతుంది. ఆ వదులు దొరికిన క్షణంలో దాన్ని పైకి ఎగరేసి, మళ్లీ వాలి, కాళ్లు ముడిచి పైకి జరుపుతారు. మొవ్వ దగ్గరకు చేరాక గెలకు ఒక చెయ్యి, కత్తికి ఒక చెయ్యి వదిలేయగలగడం మోకు చేసిన గొప్ప మేలు.

అయితే అది చెట్టు ఎక్కించే సాధనమే, పడేవాణ్ణి ఆపేది కాదు. వానకు తడిసిన మాను మీద కాలు జారితే వాలు పోతుంది, వాలుతోపాటే బిగువూ పోతుంది. అప్పుడు మోకు మనిషి వెంటే కిందికి జారిపోతుంది. చెట్టెక్కిన మనిషి క్షేమంగా దిగాలని గౌడ కుటుంబాలు మొక్కుకునేది తమ వృత్తి దేవుడైన కాటమయ్యకే.

నడుము పట్టీని మాత్రమే నమ్ముకుంటే వచ్చే ముప్పు తాటివనాలతో ఆగలేదు. పడేవారిని ఆపడానికి నడుము బెల్టు వాడకూడదన్న నిబంధన అమెరికా నిర్మాణ రంగంలో 1998 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పడుతున్న ఒంటి బరువంతా ఒక్క పట్టీ మీదికి వస్తే పొట్టలోని అవయవాలు, వెన్ను దెబ్బతింటాయి. భుజాలకూ తొడలకూ ఆ బరువును పంచే హార్నెస్ దాని స్థానంలోకి వచ్చింది.

తెలంగాణలో 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్ల పంపిణీ ప్రారంభించారు. వృత్తి దేవుడి పేరే పెట్టడం సముచితం. తాళ్లు, క్లిప్పులు, హ్యాండిల్‌తోపాటు అందులో లెగ్ లూపులు, అంటే తొడపట్టీలున్నాయి. కాలు జారినా మనిషి నేల మీద పడకుండా తాడుకు వేలాడాలన్నది దీని ఉద్దేశం. బరువులో ఎక్కువ పాలు తొడలు మోస్తాయి కాబట్టి నడుము నలగదు.

పాత మోకును కొరికినవే కొత్త తాడునూ కొరుకుతాయి. తాటిమట్ట అంచుకు రంపపు పళ్లుంటాయి, గెల చెక్కే కత్తి తాడు పక్కనే ఆడుతుంది, ఎండ దారపు పోగులను పెళుసు చేస్తుంది. అందుకే ఎక్కేముందు తాడును అరచేతిలో జారనిస్తూ మూర మూరా తడిమి చూడాలి. తెగిన పోగు వేలికి తగిలినా, ఎక్కడైనా బిరుసెక్కినా దాన్ని పక్కన పెట్టాలి. పడిన మనిషిని ఒకసారి ఆపిన తాడు పైకి బాగానే కనిపించినా మళ్లీ వాడకూడదు. తాడు ఆపినా ముప్పు తీరినట్టు కాదు: కదలకుండా వేలాడే మనిషికి కాళ్లలో రక్తం నిలిచి కొద్దిసేపట్లోనే స్పృహ తప్పవచ్చు. కిట్టు వేసుకున్నా సరే, వనానికి ఒంటరిగా వెళ్లకూడదు. కేక వేస్తే వినపడేంత దూరంలో, పైకెక్కి దించగలిగిన మరో గీత కార్మికుడు ఉండి తీరాలి.