విరిగిన ఎముక – తపసి బంక



ఖమ్మము సీమ దాటి భద్రాచలపు టడవులలో ప్రవేశించువానికి వేసవియందు ఒక చెట్టు దూరమునుండియే కనబడును. ఆకులన్నియు రాలి, తెల్లని నున్నని బెరడుతో, విభూతి పూసికొన్న తాపసునివలె నిలిచియుండును. మనవారు దానిని తపసి చెట్టందురు. దాని గాటునుండి స్రవించు బంకను కోయలు సేకరించి తెచ్చి విక్రయింతురు. ఈ బంకకును విరిగిన ఎముకకును సంబంధమేమి యని మీరడుగవచ్చును. ఆ సంబంధము ఏ త్రోవను వచ్చినదో నేడు మనవి చేసెదను.

మొదట నా తప్పొకటి చెప్పుకొనవలెను. సుమారు నలువది యేండ్ల క్రిందట ఈ యడవి యంచున ఒక పల్లెలో నేను ఉపాధ్యాయుడనై యుంటిని. నా బడిలో చదువు కోయ బాలుడొకడు మామిడిచెట్టుమీదినుండి పడి కుడి ముంజేయి విరుగగొట్టుకొనెను. ఊరిలో కట్టు కట్టువాడు వెదురుబద్దలు పెట్టి గుడ్డతో బిగించెను. మరునాడు పోయి చూచితిని. చేయి వాచియున్నది, వ్రేళ్లు చల్లబడి నల్లబారినవి, రాత్రియంతయు ఏడ్చుచునే యుండెనని తల్లి చెప్పినది. "బిగువుగా నుంటేనే అతుకుతుంది, పంతులుగారూ" అని కట్టినవాడనెను. నేను మారుమాటాడక వచ్చితిని. మూడవనాడు ఆసుపత్రికి కొనిపోవునప్పటికి కాలము మించినది. ఎముక అతికినది గాని వ్రేళ్లు ముడుచుకొనిపోయినవి. పిదప వాడు ఎడమచేతితోనే పలకమీద వ్రాసెడివాడు.

తెలియక ఊరకుంటినని చెప్పుకొనుటకును నాకు వీలులేదు. మా గురువుగారు కావ్యములతోపాటు సుశ్రుతసంహితలోని భగ్నచికిత్సను గూడ చెప్పిరి. కట్టు వదులైనచో సంధి నిలువదనియు, మిక్కిలి బిగిసినచో వాపును, నొప్పియు, చీమును కలుగుననియు అందు స్పష్టముగా నున్నది. ప్రాచీనుల మాట నా నోటనున్నది. నా యెదుటనున్న చేతికి అది యుపకరింపలేదు.

ఆ గ్రంథము ఎముక విరుగుటలో 12 భేదములను, కీలు తప్పుటలో 6 భేదములను చెప్పినది. కట్టునకు బద్దలుగా ఇప్ప, మేడి, రావి, మోదుగు, మద్ది, మఱ్ఱి మొదలగువాని పట్టలను, వెదురును గ్రహింపుమన్నది. ఇవి యన్నియు మన యడవి చెట్లే గదా! నల్లేరునకు సంస్కృతమున అస్థిసంహారమని పేరు. తిరుపతి ప్రాంతమునందలి పుత్తూరు కట్టు నేటికిని ప్రసిద్ధము. ఐరోపాలో 1852లో మతైసన్ అను డచ్చి సైనిక వైద్యుడు సున్నపుపిండి వంటి జిప్సము పొడిని గుడ్డలకు పట్టించి తడిపి చుట్టు పద్ధతిని ప్రకటించెను. అదియే మనము పిండికట్టు అనునది.

అయితే ఈ కట్టులలో నేదియు ఎముకను అతుకదు. కదలకుండ పట్టియుంచుటయే వాని పని, అతుకుపని ఎముకదే. విరిగినచోట నెత్తురు చేరి గడ్డకట్టును. ఆ గడ్డ సన్నని పోగులతో అల్లిన తడిజిగురు. దానిని పట్టుకొని జీవకణములు లోనికి ప్రాకును. మొదట మెత్తని మృదులాస్థియు, పిమ్మట గట్టి ఎముకయు ఏర్పడును. చిక్కుడుతీగకు పందిరి యెట్టిదో, ఎముకకు ఆ గడ్డ యట్టిది. పందిరి కొలది తీగ. అంతరము మిక్కిలి పెద్దదైనచో, ఒక ముక్కయే పోయినచో, తీగ ఈవలి గట్టుననే నిలిచిపోవును. అప్పుడు శస్త్రవైద్యులు రోగి తుంటినుండియే కొంత ఎముక తీసి యచట నింపుదురు. మంచి యుపాయమే గాని ఒక గాయమునకు రెండు గాయములగును. తీయదగిన ఎముకయు కొంచెమే.

కావున మనుష్యుడే పందిరి వేయరాదా యను నాలోచన పుట్టెను. సబ్జా గింజలను నీట వేసినచో చుట్టును జిగురుపొర యుబ్బుట మీరెరుగుదురు. అట్లు నీటిని కడుపున దాచుకొని కరగిపోక నిలుచు పదార్థమును శాస్త్రజ్ఞులు హైడ్రోజెల్ అందురు. 1960లో చెక్ దేశీయులైన విక్టెర్లె, లీమ్ అనువారు ఇట్టి పదార్థము శరీరమున కొదుగునని ప్రకటించిరి. 1961లో విక్టెర్లె పిల్లల ఆటసామానుతోను, సైకిలు డైనమోతోను ఇంటిలోనే యంత్రము కూర్చి, కంటిపై పెట్టు మెత్తని అద్దములను దానితో చేసెను. 1965లో అమెరికా వైద్యుడు యూరిస్ట్, ఖనిజము తీసివేసిన ఎముకను కండలో నుంచగా అచట క్రొత్త ఎముక పుట్టుట చూపెను. 1993లో లాంగర్, వకాంటి అనువారు ఈ విద్యకు ధాతునిర్మాణమను అర్థము వచ్చు పేరుతో సిద్ధాంతరూపము కల్పించిరి. పందిరి కణములకు చోటియ్యవలెను, ఆహారము పోనియ్యవలెను, ఎముక పెరిగినకొలది తాను కరగిపోవలెను. చిక్కేమనగా జిగురు మెత్తనిది, ఎముక బరువు మోయునది. అందుచేత ఎముకలోని ఖనిజమును జిగురులో కలిపి గట్టిపరుచు యత్నములు జరుగుచున్నవి.

ఇక మన తపసి బంక. ఇది నీటిలో పూర్తిగా కరగదు. పదుల రెట్లు ఉబ్బును. పుల్లని వాసన వేయును. కట్టుడుపండ్లను అంటించుటకును, విరేచనమునకును దేశాంతరములలో వాడుదురు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఇట్టి బంకలను గిరిజనులయొద్ద కొనుచు వచ్చినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 2008 ప్రాంతమున దీని చుట్టమైన కొండగోగు బంక గుణములను శోధించిరి. పిమ్మట విక్టెర్లె పుట్టిన చెక్ దేశముననే ఈ బంకలనుండి సన్నని పోగులు తీసి వడపోత పొరలు చేసిరి. ఇట్టి బంకలు ఎముక పందిరికి పనికివచ్చునా యని ప్రయోగశాలలలో పరీక్షించుచున్నారు. అది యింకను ఆసుపత్రి వైద్యము కాలేదు. ఎవ్వరును బంకను గాయములో పెట్టరాదు.

పెద్దలారా, రెండు మాటలు మనవి చేసి విరమించెదను. తపసి చెట్టును గొడ్డలితో లోతుగా నరికినచో ఒక యేడు బంక మిక్కుటముగా వచ్చును, పిదప చెట్టు చచ్చును. చిన్న గాటు పెట్టి, మానుటకు గడువిచ్చినచో మనుమలకును బంక యిచ్చును. చెట్టునకును గాయము మానవలెను గదా!

రెండవది కట్టును గూర్చి. ఎవరు కట్టినను, ఎంత పేరున్నవారు కట్టినను, వ్రేళ్లు చల్లబడినను, నల్లబారినను, తిమ్మిరియెక్కినను, నొప్పి హెచ్చుచున్నను, ఆ గడియలోనే కట్టు వదులుచేయించి ఆసుపత్రికి కొనిపొండు. తెల్లవారనిండని యాగవలదు. కట్టినవాడేమనుకొనునో యని సంకోచింపవలదు. నేను సంకోచించితిని. ఆ బాలుడు నేడు మనుమలనెత్తుకొను వయసువాడు. కనబడినప్పుడెల్ల ఎడమచేయి యెత్తియే నాకు నమస్కరించును.

సెలవు.