అవ్వ పేరున రెండెకరాలు

మా అవ్వని తలుచుకుంటే చుట్టాలంతా ఒకటే మాట అంటారు, "ఇంటికి పెద్దదిక్కు" అని. నిజమే. ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో, 2006లో పోయేదాకా ఇంట్లో ఏ పెళ్ళి ముహూర్తమూ ఆమెని అడక్కుండా పెట్టలేదు. ముహూర్తం వేళకి మాత్రం ఆమె పెరటి వసారాలో, ఎవరికీ ఎదురుపడకుండా కూర్చునేది. ఆ గౌరవమూ ఈ వసారా ఒకే మనిషివి. మొదటిదాన్నే చెప్పుకుంటే మా వాళ్ళకి సుఖంగా ఉంటుంది.

తాత 1944లో పోయాడు. అవ్వకి ఇరవై ఆరేళ్ళు, ఒళ్ళో మా అమ్మ. నెల్లూరు జిల్లాలో, పెన్నా కాలువ కింద ఊరు. ఉమ్మడి కుటుంబం. హిందూ వితంతువుకి భర్త వాటా ఇస్తూ 1937లోనే చట్టం వచ్చింది, అదీ బతికున్నంతకాలం అనుభవించడానికే. గవర్నర్ల ప్రావిన్సుల్లో వ్యవసాయ భూమికి అది వర్తించదని ఫెడరల్ కోర్టు 1941లో తేల్చింది. మద్రాసు రాష్ట్రం దాన్ని పొలాలకి కూడా వర్తింపజేసేసరికి 1947 అయింది. అప్పటికే తాత లేడు. అంటే బిందెల్లో, పెట్టెల్లో వాటా ఉంది, పొలంలో లేదు. పొలం తప్ప మా వాళ్ళకి ఇంకేముంది గనక!

మనోవర్తి అయినా ఇవ్వమని అడిగింది. 1948లో పెద్దమనుషులు కూర్చుని రెండెకరాలు రాయించారు. బతికున్నంతకాలం పంట తినొచ్చు, అమ్మకూడదు, ఎవరికీ రాసివ్వకూడదు, తదనంతరం మరుదులకి చెందాలి. ఆ కాగితాన్ని నేను చూశాను. అవ్వ వేలిముద్ర అడుగున, మిగతా సంతకాలన్నిటి కిందా ఉంది.

1956 హిందూ వారసత్వ చట్టం స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమెనే పూర్తి యజమానురాల్ని చేసింది. అయితే కాగితంలోనే షరతు ఉంటే సంగతేమిటి? దీనిమీద ఇరవై ఏళ్ళు హైకోర్టులు తలో మాటా చెప్పాయి. తేల్చింది మన ఆంధ్ర వితంతువు కేసే, వద్దిబోయిన తులశమ్మది. భర్త 1931లో పోయాడు. 1944లో మనోవర్తికి కోర్టుకెక్కింది, 1949లో రాజీ కుదిరింది. అందులోనూ ఇదే షరతు. తర్వాత ఆమె ఆ ఆస్తిలో కొంత అమ్మితే భర్త సోదరుడు దావా వేశాడు. మనోవర్తి ఎవరో దయతలచి ఇచ్చేది కాదనీ, ఆమెకి ముందునుంచీ ఉన్న హక్కనీ, దానికి బదులుగా ఇచ్చిన ఆస్తిమీద అలాంటి షరతు నిలవదనీ సుప్రీంకోర్టు 1977లో చెప్పింది.

కూతుళ్ళకి 1985లో మన రాష్ట్రమూ, 2005లో కేంద్రమూ ఇచ్చిన ఉమ్మడి ఆస్తి హక్కు గురించి మనం చాలానే రాసుకున్నాం. మనోవర్తి కింద తిండిగింజలు పండించుకున్న ఈ ఆడవాళ్ళ గురించి అంతగా రాసుకోలేదు.

నెల్లూరు ప్లీడరొకాయన ద్వారా ఆ తీర్పు సంగతి అవ్వ చెవిన పడింది. 1981లో ఒక ఎకరం మా అమ్మ పేర రాస్తానంది. కరణం ఇంటికొచ్చి, "నీకు తినే హక్కే గానీ రాసిచ్చే హక్కు లేదమ్మా" అన్నాడు.

"ముప్పై మూడేళ్ళుగా శిస్తు కట్టింది నేనేగా. అప్పుడు చెప్పకపోయావా నాది కాదని?" అంది అవ్వ.

రిజిస్ట్రారు ఆఫీసుకి ఆమెకి తోడెళ్ళింది మరిది కోడలే. మగవాళ్ళెవరూ రాలేదు. ఆ దస్తావేజులో ఎకరం "పసుపు కుంకుమ కింద" ఇచ్చినట్టు రాశారు. ఆడపిల్లకి పొలం ఇస్తే అలా రాయడం మా వైపు వాడుక. పేరంటాల్లో పసుపు ముట్టుకోనివ్వని మనిషి చేత రాయించిన మాట అది!

తర్వాత రెండేళ్ళు మరిది కొడుకులు ఆమెతో మాట్లాడలేదు. వాళ్ళని పెంచింది ఆమే. "పెద్దదిక్కు" అన్న మాట ఆ రెండేళ్ళూ ఎవరి నోటా వినపడలేదని అమ్మ చెబుతుంది. అవ్వ మాత్రం మిగిలిన ఎకరంలో మొలగొలుకులు వేయించి, తన బియ్యం తనే విడిగా వండుకుంది. దానికి ఆమె బాధపడిందో, సంతోషపడిందో నేనడగలేదు. త్యాగమూర్తి అని మాత్రం రాయలేను. ఆమె లెక్కలు చాలా ఖచ్చితం. కౌలు గింజల్లో కుంచం తగ్గినా ఊరుకునేది కాదు.

పోయాక పెట్టెలో వీలునామా దొరికింది. మిగిలిన ఎకరం ఆనాడు తోడొచ్చిన కోడలికి రాసింది. మా అమ్మకి ముందే తెలుసట, ఎవరికీ చెప్పలేదు. ఆ పొలం పట్టాదారు పాస్‌పుస్తకంలో ఇప్పుడున్నది ఆ కోడలి పేరే.