అమ్మకం అనే చదువు

మన ఇళ్ళల్లో "సేల్స్" అనే మాటకి ఒక దీర్ఘం ఉంటుంది. "సేల్సా...?" అని. కోడింగ్ ఉద్యోగమంటే ఎవరూ దీర్ఘం తియ్యరు. బ్యాంకు ఉద్యోగమంటే అసలే తియ్యరు. మా అమ్మాయికి ఒక పెద్ద అంతర్జాతీయ టెక్నాలజీ కంపెనీలో సేల్స్ ఉద్యోగం వచ్చిందనగానే చుట్టాలందరూ తీశారు. మా అత్తగారైతే దాపరికం లేకుండా అడిగేశారు, "ఇంజనీరింగ్ చదివించింది గడప గడపకీ తిరగడానికా అమ్మా?" అని.

ఆవిడకి సమాధానం చెప్పాలంటే ముందు నాకు తెలియాలి కదా. అందుకని ఈ ఉద్యోగం ఎక్కడ పుట్టింది, మొదట్లో ఎవరు చేశారు, వాళ్ళ ఇళ్ళల్లో ఏం జరిగింది అని వెతికి చదివాను. చదివాక అత్తగారి ప్రశ్న పక్కకి పోయి, అమ్మాయి ఆఫర్ లెటర్‌ని ఎలా చూడాలో తెలిసింది. ఇంట్లో ఇలాంటి పిల్లలున్న వాళ్ళకి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

కథ గల్లాపెట్టెతో మొదలవుతుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో డేటన్ అనే ఊరుంది. అక్కడ జేమ్స్ రిట్టీ అనే ఆయనకి ఒక బారు ఉండేది. పనివాళ్ళు డబ్బులు నొక్కేస్తున్నారని విసిగిపోయి, ప్రతి అమ్మకాన్నీ లెక్క చూపించే యంత్రాన్ని తయారుచేసి 1879లో పేటెంటు తీసుకున్నాడు. అదే క్యాష్ రిజిస్టర్. 1884లో జాన్ ప్యాటర్సన్ ఆ వ్యాపారాన్ని కొని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ నడిపాడు. చిక్కేమిటంటే ఆ యంత్రం ఎవరికీ అక్కర్లేదు. కొట్టు యజమానికి చెక్క సొరుగు ఉంది, అది చాలు. గుమాస్తాకి అది తనని దొంగ అంటున్నట్టు ఉంటుంది. కావాలని ఎవరూ అడగని వస్తువు అది. దాని అవసరం ఏమిటో కొనేవాడికి విడమరిచి చెప్పి అమ్మాలి.

అందుకే ప్యాటర్సన్ అమ్మకాన్ని పాఠంగా మార్చాడు. ఆయన బావమరిది జోసెఫ్ క్రేన్ బాగా అమ్మేవాడు. క్రేన్ కొనేవాళ్ళతో ఏ వరసలో ఏం మాట్లాడతాడో రాయించి, 1887లో చిన్న పుస్తకంగా వేసి, అందరినీ బట్టీ పట్టమన్నాడు. 1894లో సేల్స్‌మన్ల కోసం బడే పెట్టాడు. ఒక్కొక్కరికీ ఒక ప్రాంతం రాసిచ్చి, అందులో వేరేవాళ్ళు అడుగుపెట్టకుండా చేశాడు. ఆ ప్రాంతానికి తగ్గట్టు ఇంత అమ్మాలని కోటా పెట్టాడు. ఇవాళ మన పిల్లలు "మా టెరిటరీ", "ఈ క్వార్టర్ కోటా" అని ఫోనులో మాట్లాడుకునే మాటలకి వయసు నూరేళ్ళ పైమాటే.

ఆ కంపెనీలోకి వచ్చిన ఒక కుర్రాడి పేరు థామస్ వాట్సన్. 1874లో పుట్టాడు. న్యూయార్క్ రాష్ట్రంలో పల్లెటూరి కుటుంబం. గుర్రబ్బండి మీద కుట్టుమిషన్లు, పియానోలు వేసుకుని రైతుల ఇళ్ళకి తిరిగి అమ్మేవాడు. వారానికి ఇంత అని జీతం. బాగానే ఉందనుకున్నాడు. తర్వాత తెలిసింది, అదే పని కమీషన్ మీద చేసేవాళ్ళకి తనకన్నా ఎన్నో రెట్లు వస్తోందని. మానేశాడు. బఫెలో అనే పెద్ద ఊరు చేరి రకరకాల పనులు చేశాడు, ఒక మాంసం కొట్టు పెట్టాడు, అది మునిగింది. ఆ కొట్టులో వాయిదాల మీద కొన్న క్యాష్ రిజిస్టర్ ఉంది. దాని వాయిదాలు కొత్త యజమాని పేరుకి మార్పించడానికి కంపెనీ ఆఫీసుకి వెళ్ళి, అక్కడే ఉద్యోగం అడిగాడు. అప్పటికి అతను ఇరవై దాటిన కుర్రాడు, అంతే.

మొదటి రోజుల్లో ఒక్కటీ అమ్మలేదు. బఫెలో ఆఫీసు పెద్ద జాన్ రేంజ్ ముందు చెడామడా తిట్టాడు. తిట్టి వదిలెయ్యకుండా, మర్నాడు తనే బండెక్కి కుర్రాడి వెంట వెళ్ళాడు. కొట్టువాడితో ఎలా మాట్లాడాలో పక్కన నిలబెట్టి చూపించాడు. వాట్సన్ పనిలో పడింది అక్కడే. నాకు ఇది మా వీధిలో కొత్త కోడలికి వంట నేర్పే పద్ధతిలా అనిపించింది. పుస్తకం ఇచ్చి పొమ్మంటే రాదు, పొయ్యి దగ్గర పక్కన నిలబడే మనిషి కావాలి. పిల్లలు మొదటి ఉద్యోగంలో చేరుతుంటే కంపెనీ ఎంత పెద్దదని అడుగుతాం. పక్కన నిలబడి నేర్పే మేనేజరు ఉన్నాడా అని అడగం.

ఇదే కథలో చెడ్డ పేజీ కూడా ఉంది. పాత క్యాష్ రిజిస్టర్లు కొని అమ్మే చిన్న వ్యాపారులు కంపెనీకి అడ్డొస్తున్నారని, వాళ్ళని దెబ్బతీసే పని 1903 ప్రాంతంలో వాట్సన్‌కి అప్పగించారు. కంపెనీ పేరు బయటికి రాకుండా, సొంత కొట్టు పెట్టుకున్నవాడిలా నటిస్తూ ఆ పని చేశాడు. 1913లో ప్యాటర్సన్‌కీ, వాట్సన్‌కీ, ఇంకా చాలామందికి వ్యాపార పోటీ చట్టం కింద ఏడాది జైలు శిక్ష పడింది. 1915లో పైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది గానీ, ఈలోపు జరిగింది చూడండి. వాట్సన్‌కి 1913లోనే పెళ్ళయింది. భార్య జానెట్. 1914 జనవరిలో కొడుకు పుట్టాడు. ఆ రోజుల్లోనే ప్యాటర్సన్ అతన్ని ఉద్యోగంలోంచి తీసేశాడు. పొత్తిళ్ళలో పిల్లాడు, నెత్తిన జైలు శిక్ష, చేతిలో ఉద్యోగం లేదు. పైవాడు చెప్పాడని చేసిన పనికి మూల్యం ఇంటిల్లిపాదీ కట్టాల్సొచ్చింది. నెలాఖరుకి కోటా కోసం ఏదో ఒకటి చెయ్యమని ఒత్తిడి వచ్చినప్పుడు, ఈ పని గురించి ఇంట్లో అన్నం తింటూ చెప్పుకోగలమా అని పిల్లలు ఒకసారి అనుకుంటే చాలు.

1914 మే నెలలో వాట్సన్ న్యూయార్క్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాడు. కాటాలు, హాజరు గడియారాలు, కార్డులకి చిల్లులు పొడిచి లెక్కకట్టే యంత్రాలు అమ్మే కంపెనీ. 1924లో దానికే ఐబీఎం అని పేరు మార్చాడు. ప్యాటర్సన్ దగ్గర నేర్చిన బడి, ప్రాంతాలు, కోటా అన్నీ అక్కడ దించాడు. ఎండికాట్ అనే ఊళ్ళో 1933లో పెద్ద శిక్షణాలయం కట్టించాడు. ముదురు రంగు సూటు, తెల్ల చొక్కా, మందు ముట్టకూడదు, అందరూ కలిసి కంపెనీ పాటలు పాడాలి. కోటా నిండినవాళ్ళకి నూటికి నూరు క్లబ్బు. కంప్యూటర్ల రోజులు వచ్చాక కొత్త సేల్స్‌మన్‌కి ఏడాదికి పైగానే శిక్షణ సాగేది. యంత్రం లోపల ఏముందో, కొనే కంపెనీ లెక్కలెలా నడుస్తాయో తెలిస్తేగానీ బయటికి పంపేవాళ్ళు కాదు. అత్తగారి ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇదే. ఈ అమ్మకంలో ఇంజనీరింగ్ వృథా కాదు, దాని మీదే అమ్మకం నిలబడుతుంది.

ఇంకో సంగతి. ఐబీఎం చాలాకాలం తన యంత్రాలని అమ్మలేదు, అద్దెకిచ్చింది. అంటే సేల్స్‌మన్ సంతకం పెట్టించుకుని మాయమవడానికి లేదు. కొన్నవాడికి నచ్చక యంత్రం తిప్పి పంపితే, ఆ మేరకు సేల్స్‌మన్ లెక్కలోంచి కోత పడేది. ఇవాళ సాఫ్ట్‌వేర్‌ని నెల చందా మీద ఇస్తున్నారు కదా, దానికి ఇది ముత్తాత లాంటిది.

1914లో పుట్టిన ఆ కొడుకు, చిన్న వాట్సన్, 1937లో అదే కంపెనీలో సేల్స్‌మన్‌గా చేరాడు. యజమాని కొడుకు కదా, 1940లో అతని ప్రాంతంలోకి ఒక పెద్ద ఉక్కు కంపెనీ ఖాతా తెచ్చి పడేశారు. ఏడాది మొదటి పనిరోజునే కోటా నిండిపోయింది. ఆ గెలుపు తనకి ఎంత అవమానంగా అనిపించిందో తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు. ప్రాంతం ఎవరికి ఏది ఇచ్చారన్న దాన్లో సగం ఫలితం ముందే రాసి ఉంటుంది. మీ పిల్లవాడు కోటా అందుకోలేదంటే బద్ధకస్తుడని తీర్మానించే ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఇక ఆడవాళ్ళ సంగతి. 1935లో ఐబీఎం పాతికమంది కాలేజీ చదువుకున్న అమ్మాయిలని తీసుకుని ఎండికాట్‌లో శిక్షణ ఇచ్చింది. మగవాళ్ళతో సమానంగా జీతమని వాట్సన్ ప్రకటించాడు. అయితే వీళ్ళకిచ్చింది అమ్మే పని కాదు. సేల్స్‌మన్ అమ్మి వచ్చాక, యంత్రాన్ని ఎలా వాడాలో కొన్నవాళ్ళ మనుషులకి నేర్పే పని. కమీషన్ ఒకరిది, కస్టమర్ని నిలబెట్టే కష్టం ఇంకొకరిది. అలా 1939లో చేరిన రూత్ లీచ్ అనే అమ్మాయి 1943లో, 27 ఏళ్ళకి, ఆ కంపెనీలో వైస్ ప్రెసిడెంట్ అయింది. అక్కడ ఆ పదవికి వెళ్ళిన మొదటి మహిళ ఆవిడే. ఆ తర్వాత కూడా ఇంకో నియమం మిగిలే ఉంది. పెళ్ళి చేసుకున్న అమ్మాయి ఉద్యోగం మానెయ్యాలి. ఇకనుంచి పెళ్ళయినంత మాత్రాన మానెయ్యక్కర్లేదని ఐబీఎం ఉత్తర్వు ఇచ్చింది 1951 జనవరిలో. వైస్ ప్రెసిడెంట్ వచ్చిన ఏడేళ్ళకి!

ఆ రోజు చదవడం ఆపి కాసేపు అలా కూర్చున్నాను. మన దగ్గర ఏ కంపెనీ అలాంటి ఉత్తర్వులు కాగితం మీద పెట్టకపోవచ్చు. పెళ్ళిచూపుల్లో మాత్రం ఇప్పటికీ నోటిమాటగా వినిపిస్తూనే ఉంటుంది, "టూర్లు తిరిగే ఉద్యోగమైతే కష్టమండీ" అని.

భార్యల కథ కూడా ఒకటుంది. రాస్ పెరో అనే ఆయన 1957లో డల్లాస్‌లో ఐబీఎం సేల్స్‌మన్‌గా చేరాడు. 1962లో ఏడాది మొత్తం కోటాని జనవరి 19కే నింపేశాడు. సంపాదనకి పైన హద్దు ఉంది కాబట్టి మిగతా ఏడాదంతా అమ్మినా అంతకు మించి రాదు. ఆ ఏడే మానేసి ఎలక్ట్రానిక్ డేటా సిస్టమ్స్ అనే సొంత కంపెనీ పెట్టాడు. పెట్టుబడి 1,000 డాలర్లు. అవి భార్య మార్గో టీచరుగా పనిచేసి దాచుకున్న డబ్బులు. 1984లో ఆ కంపెనీని జనరల్ మోటార్స్ 250 కోట్ల డాలర్లకి కొంది. పెరో పేరు అందరికీ తెలుసు. 

మన దేశంలో ఐబీఎం 1950లలో మొదలుపెట్టి 1978లో వెళ్ళిపోయింది. విదేశీ వాటా తగ్గించుకోమన్న 1973 నాటి ఫెరా చట్టానికి ఒప్పుకోలేదు. వాళ్ళు వదిలిన యంత్రాల బాగోగులు ప్రభుత్వ సంస్థ సీఎంసీ చూసుకుంది. తర్వాత గచ్చిబౌలిలో పెద్ద ఆవరణ వెలసింది ఆ సీఎంసీదే. 1992లో టాటాలతో కలిసి ఐబీఎం తిరిగొచ్చింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక హైదరాబాదులో విదేశీ కంపెనీల ఆఫీసులు వరస కట్టాయి. మన పిల్లలు చేసిన ఉద్యోగాలు ఎక్కువగా కోడింగ్, సపోర్టువి. సేల్స్ అనే గది తలుపు మన ఇళ్ళవాళ్ళు తట్టడం ఆలస్యమైంది. అందుకే ఆ దీర్ఘం.

ఇదంతా చదివాక అమ్మాయీ నేనూ కూర్చుని ఒక నోటుపుస్తకంలో కొన్ని ప్రశ్నలు రాసుకున్నాం. ఆఫర్ లెటర్‌లో చెప్పిన మొత్తంలో ఖాయంగా వచ్చేది ఎంత, అమ్మితే వచ్చేది ఎంత? కోటా ఎవరు నిర్ణయిస్తారు, మధ్యలో పెంచుతారా? కొత్తగా చేరినవాళ్ళకి మొదటి నెలల్లో కోటా తగ్గిస్తారా? ఏ ప్రాంతం, ఏ కస్టమర్లు ఇస్తారు? కస్టమర్ మానేస్తే ఇచ్చిన కమీషన్ వెనక్కి తీసుకుంటారా? సంపాదనకి పైన హద్దు ఉందా? నేర్పడానికి పక్కన ఎవరుంటారు? ప్రతి ప్రశ్న వెనకా పైన చెప్పిన మనుషుల్లో ఒకరున్నారు. వీటిని చేరే ముందు అడిగితే ఎవరూ తప్పు పట్టరు. పైగా ఇవి అడగగలిగిన పిల్ల అమ్మగలదని వాళ్ళకీ తెలుస్తుంది.

ఇంటి తరఫు నుంచి నేను పెట్టిన షరతు ఒక్కటే. ఇల్లు నడిచేది, ఈఎంఐ కట్టేది, ఖాయంగా వచ్చే డబ్బుతోనే. కమీషన్ వేరే ఖాతాలో పడాలి. బాగా వచ్చిన నెల చూసి ఖర్చు పెంచుకుంటే, రాని నెలలో మనిషి ఏ అమ్మకానికైనా సిద్ధపడుతుంది. అలా సిద్ధపడకుండా ఉండే స్వేచ్ఛ ఆ రెండో ఖాతాలో ఉంటుంది. మార్గో పెరో దాచిన వెయ్యి డాలర్లు కూడా అలాంటి ఖాతాలోవే అయ్యుంటాయని నేను అనుకుంటూ ఉంటాను.