రెండు వరుసల అంకెలు: కొరియా లెక్కల కథ

కొరియా భాషలో అంకెలకు రెండు వరుసలున్నాయి. హనా, దుల్, సెత్, నెత్ అని సాగేది దేశి వరుస. ఇల్, ఈ, సామ్, సా అని సాగేది చీనా లిపితో పాటు దిగిన వరుస. తెలుగులో తత్సమాల లాంటిదన్నమాట. దేశి వరుస నేడు 99 దగ్గరే ఆగిపోతుంది. నూరు మొదలుకొని అంతా చీనా మాటలే.

ఎప్పుడూ ఇలాగే లేదు. 1103లో చైనా సోంగ్ రాజ్యం నుంచి, గొర్యో అనే నాటి కొరియా రాజ్యపు రాజధానికి దౌత్యం మీద వచ్చిన సున్ ము అక్కడి మాటలు విని, వాటి ఉచ్చారణను చీనా అక్షరాల్లో రాసుకున్నాడు. అంకెలు కూడా అందులో ఉన్నాయి. ఒకటి నుంచి పది దాకా అతను రాసినవి నేటి దేశి మాటలకు పాత రూపాలే. నూరుకు మాత్రం 'ఓన్' అనే దేశి మాట రాశాడు. వెయ్యికీ పదివేలకీ అప్పటికే చీనా మాటలే పెట్టాడు. అయినా వెయ్యికి దేశి మాట చచ్చిపోలేదు. 1527లో చే సేజిన్ పిల్లలకు చీనా అక్షరాలు నేర్పడానికి కూర్చిన పుస్తకంలో నూరుకు 'ఓన్', వెయ్యికి 'జుమున్' అనే అర్థాలు కనిపిస్తాయి. తర్వాత ఈ రెండూ వాడుక తప్పాయి. పెద్ద లెక్కలంటే పన్నులు, దస్తావేజులు. అవి రాసేది చీనా లిపిలో. దేశి అంకెలు పైనుంచి కిందికి తరిగిపోవడానికి కారణం బహుశా ఇదే. 2000లో పుట్టిన పిల్లలను 'జుమున్‌దుంగీ' అని ముద్దుగా పిలిచినప్పుడు ఆ పాత మాట కాసేపు మళ్లీ వినబడింది.

మాటల సంగతి అలా ఉంచితే, గొర్యో తర్వాతి జొసాన్ రాజ్యకాలంలో లెక్కలు చేసింది సాన్‌గాజీ అనే చిన్న పుల్లలతో. చైనాలో పూసల చట్రం వచ్చి ఇలాంటి పుల్లలు మూలబడ్డాక కూడా కొరియాలో నిలిచాయి. 1713లో వచ్చిన చైనా గణితజ్ఞుడు హ గ్వోజూ, కొరియా గణితజ్ఞుడు హోంగ్ జోంగ్హా ఆ పుల్లలతో లెక్క తేల్చడం చూసి కొన్ని వెంట తీసుకెళ్లాడు.

నాణేల లెక్క ఇంకో తమాషా. 1678 నుంచి చెలామణిలో ఉన్న రాగి నాణేలను 'హన్ న్యాంగ్, దు న్యాంగ్' (ఒక న్యాంగ్, రెండు న్యాంగ్‌లు) అని దేశి మాటలతోనే లెక్కించేవారు. నేటి కరెన్సీ వోన్‌కు మాత్రం చీనా అంకెలే.

ఇప్పుడు ఈ భాష నేర్చుకునేవారికి అసలు చిక్కు ఈ పంపకంతోనే. మనుషులను, వస్తువులను దేశి మాటల్లో లెక్కిస్తారు. తేదీలు, ఫోన్ నంబర్లు, ఎక్కాలు చీనా మాటల్లో చెబుతారు. గడియారంలో రెండూ కలుస్తాయి. మూడున్నర అంటే 'సె షీ సామ్‌షిప్ పున్': గంటకు దేశి మాట, నిమిషాలకు చీనా మాట. దేశి అంకె వస్తువు పేరుతో కలిసినప్పుడు హనా కాస్తా హన్ అవుతుంది, దుల్ దు అవుతుంది. ఇరవై, ముప్ఫై, నలభైలకు సుమూల్, సొరున్, మహున్. వీటిని విడిగా కంఠతా పట్టాల్సిందే. మన ఊళ్లలో తైక్వాండో నేర్చే పిల్లలకు 'హనా, దుల్, సెత్' నోటికి వచ్చేస్తాయి గానీ, ధర చెబితే అర్థం కావాలంటే రెండో వరుస తెలియాలి.

పెద్ద సంఖ్యలు పదివేల మెట్ల మీద నడుస్తాయి. పదివేలు 'మన్', పది కోట్లు 'ఒక్'. కనుక లక్షను పది మన్ అనీ, కోటిని వెయ్యి మన్ అనీ చెప్పాలి.