ప్రగల్భాలు

ప్రగల్భాలు అనగా ఒక వ్యక్తి తన శక్తిసామర్థ్యాలను గురించి, తాను చేసిన లేదా చేయబోయే పనులను గురించి ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పుకొనే మాటలు. ఈ పదం సాధారణంగా బహువచనంలో, "పలుకు" అనే క్రియతో కలిసి వస్తుంది. తెలుగు దినపత్రికలలో, ముఖ్యంగా రాజకీయ వార్తలలో, దీనిని విరివిగా వాడుతారు. ఇది ఒకరి మాటను తెలియజేయడంతో పాటు ఆ మాట మీద తీర్పు కూడా చెబుతుంది. అందువలన వార్తా రచనలో దీనిని జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది.

వ్యుత్పత్తి

సంస్కృతంలో "ప్రగల్భ" శబ్దానికి ధైర్యము, నేర్పు, ప్రౌఢత్వము కలిగిన అని అర్థం. అలంకార శాస్త్రంలో నాయికలను ముగ్ధ, మధ్య, ప్రగల్భ అని విభజించారు. అక్కడ ఈ పదంలో నింద లేదు. నేటి తెలుగు వాడుకలో మాత్రం నిందార్థమే నిలిచింది. "వీరము"నకు తద్భవమైన "బీరము" కూడా ఇటువంటిదే. దానికి శౌర్యమనే అర్థం ఉన్నా, "బీరాలు పలకడం" అంటే నేడు వట్టి మాటలు చెప్పడమే.

ఉత్తరకుమార ప్రగల్భాలు

మహాభారతంలోని విరాట పర్వములో కౌరవులు గోవులను పట్టుకున్నపుడు, సారథి ఉంటే తానొక్కడే వారిని గెలిచి వస్తానని ఉత్తరకుమారుడు అంతఃపురంలో స్త్రీల ఎదుట పలుకుతాడు. తీరా బృహన్నల సారథిగా వెళ్ళి కౌరవ సేనను చూడగానే రథం దిగి పరుగెత్తుతాడు. పత్రికలలో "ఉత్తరకుమార ప్రగల్భాలు" అన్నపుడు గొప్పలు చెప్పడమే కాక, సమయం వచ్చినపుడు వెనుకంజ వేయడం కూడా స్ఫురిస్తుంది.

వార్తా రచనలో వాడుక

ఒకే విషయాన్ని మూడు విధాలుగా రాయవచ్చు (ఇవి ఊహించిన ఉదాహరణలు):
* జిల్లాలో పదివేల ఇళ్ళు కట్టించామని మంత్రి అన్నారు.
* జిల్లాలో పదివేల ఇళ్ళు కట్టించామని మంత్రి ప్రగల్భాలు పలికారు.
* ఇళ్ళ విషయంలో మంత్రి ప్రగల్భాలు పలుకుతున్నారని ప్రతిపక్ష నాయకుడు విమర్శించారు.

మొదటిది మంత్రి మాటను మాత్రమే తెలుపుతుంది. రెండవదానిలో ఆ మాట నమ్మదగినది కాదని విలేఖరే తేల్చివేశాడు. మూడవదానిలో అదే పదం ఉన్నా, అభిప్రాయం ఎవరిదో స్పష్టంగా ఉంది. శీర్షికలలో స్థలం తక్కువ గనుక "అని విమర్శించారు" అన్న భాగం తరచుగా జారిపోతుంది. అప్పుడు ఒక పక్షం చేసిన విమర్శ పత్రిక నిర్ధారించిన విషయంలా కనబడుతుంది. మాటను ఉద్ధరణ చిహ్నాలలో ఉంచడం, పక్కన చెప్పినవారి పేరు ఇవ్వడం ఇందుకు పరిష్కారాలు.

ఇళ్ళు నిజంగానే కట్టి ఉంటే రెండవ వాక్యం మంత్రికి అన్యాయం చేస్తుంది. కట్టకపోయి ఉంటే, ఎన్ని కట్టారో చెప్పనందున పాఠకునికి అన్యాయం చేస్తుంది. రెండు సందర్భాలలోనూ చేయవలసిన పరిశీలన స్థానాన్ని ఒక విశేషార్థపు మాట ఆక్రమిస్తుంది. అన్నారు, చెప్పారు, తెలిపారు వంటి క్రియలు వాడి, వాటి పక్కన సరిచూసిన లెక్క ఇస్తే నిర్ణయం పాఠకునికే వదిలినట్లవుతుంది. సంపాదకీయాలు, వ్యంగ్య రచనలు అభిప్రాయాన్ని చెప్పేవే గనుక వాటిలో ఈ పదం వాడుకకు ఇటువంటి ఆక్షేపణ లేదు.

సమానార్థకాలు

* గొప్పలు చెప్పుకోవడం: వీటిలో తీవ్రత తక్కువ. చెప్పినది నిజమే కావచ్చు.
* కోతలు కోయడం: అబద్ధం కలిసినదని సూచన. 1979లో వచ్చిన కోతలరాయుడు చలనచిత్రం పేరు దీని నుండి వచ్చినదే.
* సొంత డబ్బా కొట్టుకోవడం: తనను తానే ప్రచారం చేసుకోవడం.
* బడాయి: హిందీ, ఉర్దూల నుండి వచ్చిన మాట. లేని హోదాను చూపుకోవడం.

"మాటలు కోటలు దాటుతాయి, చేతలు గడప దాటవు" అనే సామెత కూడా ఈ అర్థంలో శీర్షికలకెక్కుతుంది.

ఆంగ్ల పదంతో పోలిక

ఆంగ్లంలోని "బోస్ట్" అనే క్రియకు గొప్పలు చెప్పుకోవడంతో పాటు గర్వించదగినదానిని కలిగి ఉండడం అనే అర్థం కూడా ఉంది. ఒక నగరానికి మూడు విశ్వవిద్యాలయాలు ఉన్నాయనడానికి కూడా ఆంగ్ల పత్రికలు ఈ క్రియను వాడుతాయి. అందులో నింద లేదు. ప్రగల్భాలకు ఈ రెండవ అర్థం లేదు. కనుక అనువదించేటప్పుడు "నగరంలో మూడు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి" అని సూటిగా రాయడం, మెచ్చుకోలు అవసరమైతే "నగరానికి గర్వకారణం" అనడం తెలుగు నుడికారానికి తగినది.

ఇవి కూడా చూడండి

* ఉత్తరకుమారుడు
* విరాట పర్వము
* తెలుగు సామెతలు